ముందూ వెనకా ఒకేలా రావాలంటే

అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర నిలబడితే మెట్రో స్తంభాలు ఒకదాని వెనక ఒకటి వరసకట్టి పోతుంటాయి. మన కాళ్ల దగ్గర ఇడ్లీ బండి, మధ్యలో ఆటోలు, ఆ వెనక అంతస్తు అంతస్తుకీ సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డులు. నాకీ మూల అంటే ప్రాణం. బండి మీది ఆవిరి నుంచి చివరి స్తంభం దాకా అన్నీ ఒకే ఫొటోలో ఒకే తీరుగా రావాలి. దాన్నే డీప్ డెప్త్ ఆఫ్ ఫీల్డ్ అంటారు. ఒళ్లు వంచకుండా, ఆదివారం నిద్ర చెడకుండా దాన్ని సాధించే దారి చెబుతాను.

1. ట్రైపాడ్ కొనకండి. మోయాలి, విప్పాలి, మళ్లీ మడవాలి. కెమెరాను ఒంటి చేత్తో పట్టుకోండి, రెండో చేతిలో చాయ్ ఉంటుంది. కోచింగ్ సెంటర్ కరపత్రం పంచే కుర్రాడు ఎలాగూ భుజం తడతాడు. ఫొటో కదిలితే తప్పు అతనిది.

2. ఎఫ్ నంబర్ పెరిగేకొద్దీ లెన్స్‌లో కన్నం చిన్నదై, ముందూ వెనకా ఎక్కువ దూరం స్పష్టంగా వస్తుంది. మరి ఎఫ్/8, ఎఫ్/11 దగ్గర ఆగడమెందుకు? ఎఫ్/22 దాకా తిప్పేయండి. అంత చిన్న కన్నంలోంచి దూరేటప్పుడు వెలుగు చెదిరి బొమ్మంతా కాస్త మెత్తబడుతుంది. మంచిదే. ఐఎస్ఓ 100 కదపకండి, కదపాలంటే మెనూలోకి వెళ్లాలి. ఇక పొద్దుగూకే వేళ షట్టర్ అర సెకను తెరుచుకునే ఉంటుంది. ఆ అర సెకనులో మీ ఊపిరి, చాయ్ గుటక, పక్కనుంచి పోయే బస్సు అదురు అన్నీ ఫొటోలోకి చేరతాయి. ఇడ్లీ బండి ఎంత మసకో చివరి స్తంభమూ అంతే మసక. ముందుకో న్యాయం, వెనక్కో న్యాయం ఉండదు.

3. లెన్స్ తుడవకండి. కెమెరా లోపలి సెన్సర్ మీది దుమ్ము కూడా ఎఫ్/22 దగ్గర నల్లచుక్కలుగా తేలుతుంది. ఆకాశంలో తేలినవన్నీ పావురాలే అని చెప్పండి. హైదరాబాద్‌లో ఈ మాట ఎవరూ కాదనరు.

4. ఫోకస్‌కు ఒక లెక్క ఉంది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 24 ఎంఎం లెన్స్ వేసి, ఎఫ్/11 పెట్టి, 1.8 మీటర్ల దూరంలో ఫోకస్ చేస్తే సుమారు 0.9 మీటర్ నుంచి అనంతం దాకా తేటగా వస్తుంది. ఆ 1.8 మీటర్లనే హైపర్‌ఫోకల్ దూరం అంటారు. కానీ రోడ్డు మీద 1.8 మీటర్లు ఎవరు కొలుస్తారు? ఫేస్ డిటెక్షన్ ఆన్ చేసి వదిలేయండి. పంజాగుట్టలో అయితే నగల షాపు హోర్డింగ్ మీది హీరోయిన్‌ను కెమెరా తనంతట తానే వెతికి పట్టుకుంటుంది.

5. వైడ్ లెన్స్ వద్దు. దాంతో తీయాలంటే దగ్గరికి నడవాలి, వంగాలి. చాయ్ బండి దగ్గరే కూర్చుని 200 ఎంఎం జూమ్ లాగండి. ఎఫ్/22 పెట్టి 60 మీటర్ల దూరంలో ఫోకస్ చేసినా సుమారు 30 మీటర్లలోపు ఏదీ తేటగా రాదు. ఆ 30 మీటర్లలో ఏముందో పట్టించుకునే పని తప్పింది.

6. ఎవరైనా తప్పు పడితే పేర్లు వాడండి. 1932లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆన్సెల్ ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్ లాంటి ఫొటోగ్రాఫర్లు తమ బృందానికి ఎఫ్/64 అనే పేరే పెట్టుకున్నారు, నేను 22 దగ్గరే ఆగాను అనండి. వాళ్లవి పెద్ద పలకల కెమెరాలనీ, ట్రైపాడ్ మీద నిలిపి తీశారనీ మీరు ఎత్తొద్దు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి, ఆరో నిజాంకు ఫొటోలు తీసిన రాజా దీన్‌దయాళ్ ప్రస్తావన వస్తే మాత్రం మాట మార్చండి. ఆయన గాజు పలకలతో పనిచేసిన మనిషి. ఆయన ఓపిక మన వాదానికి పనికిరాదు.

7. ఎడిటింగ్‌లో క్లారిటీ, షార్ప్‌నెస్ కుడి చివరి దాకా లాగండి. స్తంభాల చుట్టూ తెల్లటి అంచు వస్తే అదే షార్ప్. తర్వాత వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపండి, డాక్యుమెంట్‌గా వద్దు. అది కుదించి పంపుతుంది కాబట్టి మిగతా తప్పంతా దాని మీదికి పోతుంది. మీ బావ వేళ్లతో పెద్దది చేసి చూసి, "ఏంట్రా, ఒక్క బోర్డూ చదవడానికి రావట్లేదు?" అంటే, "ఒరిజినల్ హార్డ్ డిస్క్‌లో ఉంది బావా" అనండి. హార్డ్ డిస్క్ ఎప్పుడూ ఊళ్లోనే ఉండాలి.