శనివారం సారు

ఈయన్ని గుర్తుపట్టడం తేలిక. సెలవురోజైనా మెడలో ఆఫీసు ఐడీ కార్డు వేలాడుతూనే ఉంటుంది. ఒంటిమీద కొత్త టీషర్టు: వీపున కంపెనీ పేరు, గుండెమీద ఒక సందేశం. చంకలో ల్యాప్‌టాప్, చేతిలో స్టీలు నీళ్లసీసా. తరగతి గది గుమ్మం దగ్గర బూట్లు విప్పాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయిస్తాడు. ఆ తర్వాత ఇక దేనికీ తటపటాయించడు.

మా ప్రాథమిక పాఠశాల పిల్లలు ఈయనకు పెట్టుకున్న పేరు శనివారం సారు. పోయిన నెల బ్యాంకు వాళ్లొచ్చారు, అంతకు ముందు మందుల కంపెనీ వాళ్లు, దానికీ ముందు సిమెంటు వాళ్లు. మనుషులు మారుతుంటారు గానీ పేరు మారదు. నేను ఆ బడిలో టీచర్ని. హైదరాబాద్‌లో ఐటీ కంపెనీలకు కూతవేటు దూరంలో పుట్టడం మా బడి జాతకం.

సారు రాకకు ముహూర్తం పెట్టింది పార్లమెంటు. 2013 కంపెనీల చట్టంలో 135వ సెక్షను అని ఒకటుంది. ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చుపెట్టాలన్నది దాని సారాంశం. 2014 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. డబ్బు ఇచ్చి ఊరుకోవచ్చు. కానీ చెక్కు ఫొటోలో నవ్వదు, మనిషి నవ్వుతాడు. అందుకని మనిషిని కూడా పంపుతారు. తమాషా ఏమిటంటే, ఉద్యోగులు ఇలా గడిపిన గంటలకు వెలకట్టి ఆ 2 శాతంలో కలిపేసుకోవడానికి వీల్లేదని కేంద్ర ప్రభుత్వం ఎప్పుడో చెప్పేసింది. అయినా సారు ఫోనులో ఒక యాప్ ఉంటుంది. గేటు దాటగానే అందులో సేవా గంటలు ఆటో మీటరులా తిరగడం మొదలవుతుంది. మధ్యమధ్యలో ఆయన దానివంక చూసుకోవడం నేను చూస్తూనే ఉంటాను. నేనూ గోడ గడియారం వంక చూస్తూనే ఉంటాను లెండి.

మూడో తరగతి పిల్లల కోసం ఆయన తెచ్చిన పాఠం పేరు 'లక్ష్య నిర్దేశం'. నలభై స్లైడ్లు. మా గదిలో ప్లగ్గు ఉంది, దానిలోకి కరెంటు రాదు. ల్యాప్‌టాప్‌ని ఒళ్లో పెట్టుకుని పిల్లలందర్నీ దగ్గరికి జరగమంటాడు. ముందు వరస పిల్లలు తెర చూస్తారు, వెనక వరస పిల్లలు ముందు వరస తలలు చూస్తారు. మూడో స్లైడు దగ్గర బ్యాటరీ గురించి ఆందోళన, ఐదో స్లైడు దగ్గర ఒంటేలుకి ఐదుగురు. అప్పుడిక ల్యాప్‌టాప్ మూసేసి, ఏ కంపెనీ వారైనా అడిగే ఆ ప్రశ్న అడుగుతాడు: "పెద్దయ్యాక ఏమవుతారు?"

ఇక్కడ మా పిల్లల తెలివి చూడాలి. ముందు టీషర్టు చూస్తారు, తర్వాత జవాబు చెప్తారు. బ్యాంకు వాళ్లొస్తే గదినిండా మేనేజర్లే. మందుల కంపెనీ వస్తే డాక్టర్లు. కంప్యూటర్ బొమ్మ ఉన్న టీషర్టు కనిపిస్తే అందరూ సాఫ్ట్‌వేరు. సిమెంటు వాళ్లు వచ్చిన రోజు ఒకడు "మేస్త్రీ" అన్నాడు. వాళ్ల నాన్న మేస్త్రీ, వాడు నిజమే చెప్పాడు. వచ్చినవాళ్ల మొహాలు మాత్రం వెలవెలబోయాయి. పక్కనున్న పిల్ల మోచేత్తో పొడిచి "ఇంజినీరను" అని అందించాక గాని చప్పట్లు పడలేదు.

ఆ పొడిచిన పిల్లది నాలుగో తరగతి. శనివారం కార్యక్రమాల నిర్వహణ అంతా అనధికారికంగా ఆమెదే. సారు ఇంకా తన పరిచయం పూర్తి చేయకముందే లేచి నిలబడి, "సార్, ఫొటో ఇప్పుడు దిగాల్నా, లాస్టుకా?" అని అడిగేస్తుంది. ఇప్పుడే అంటే పొట్టివాళ్లను ముందు, పొడుగువాళ్లను వెనక ఆమే నిలబెడుతుంది. లాస్టుకు అంటే సమోసాలు ఫొటో తర్వాత పంచమని సలహా ఇస్తుంది, లేకపోతే మూతులకు నూనె అంటుతుందట. సమోసాల సంగతిలో మాత్రం ఏ కంపెనీకీ వంక పెట్టలేం.

పాఠం అయ్యాక రంగులేయడం. మా బడి ప్రహరీకి ఎన్ని పొరల సేవ పట్టిందో పురావస్తు శాఖ వాళ్లు గీకి చూడాల్సిందే. పైన కంప్యూటర్ మౌసు, దానికింద చిల్లరడబ్బుల కుండ, ఇంకా కింద సూక్ష్మజీవులు. వర్షాకాలంలో రెండో తరగతి గది మాత్రం యథాప్రకారం కురుస్తుంది. కప్పు ఫొటోలో పడదు.

ఒకసారి వర్షం వల్ల రంగులేయడం కుదరక, కాలక్షేపానికి లెక్కలు చెప్తానన్నాడు ఒక సారు. బోర్డు మీద 52 లోంచి 27 తీసివేయమన్నాడు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి పక్కనున్న పదుల ఇంటికెళ్లి ఒక పది అప్పు తెచ్చుకుంటాం అని బాగానే మొదలుపెట్టాడు. పన్నెండులోంచి ఏడు పోతే అయిదు. వెనక బెంచీలోంచి చెయ్యి లేచింది.

"సార్, అప్పు తెచ్చినం గదా, మల్ల ఎప్పుడియ్యాలె?"

సారు నోరు తెరిచాడు, మూశాడు. అది తిరిగి ఇవ్వక్కర్లేని అప్పు అన్నాడు. అట్లాంటి అప్పు ఎవరిస్తారు సార్ అని వాడు. ఇరవయ్యేళ్ల ఇంటి లోను కడుతున్న మనిషి కాబోలు, ఆ ప్రశ్న ఆయనకు ఎక్కడో తగిలింది. నిజానికి అప్పు అనే మాట వదిలేసి, అయిదు పుల్లల కట్టలు, రెండు విడి పుల్లలు ఇచ్చి ఒక కట్ట విప్పించి ఉంటే వాడికి రెండు నిమిషాల్లో అర్థమయ్యేది. పుల్లల కట్టలు బీరువాలోనే ఉన్నాయి. అడిగితే ఇచ్చేదాన్ని.

సారంటే నాకు కోపమేమీ లేదు. పిల్లలంటే ఆయనకు ప్రేమే. మా బడికి మనిషి అవసరమూ ఉంది. విద్యాహక్కు చట్టం లెక్క ప్రకారం అరవై మంది దాకా పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు. తరగతులు మాత్రం అయిదు. నేను ఒకటి, రెండు తరగతుల చేత అక్షరాలు దిద్దిస్తుంటే మూడో తరగతి నా వీపు చదువుతుంది. తెలంగాణలో 2022లో 'తొలిమెట్టు' పెట్టింది ఇలా వెనకబడ్డ చదవడం, లెక్కల కోసమే. 'ప్రథమ్' సంస్థ 'అసర్' సర్వేలో పిల్లల్ని అడిగేవి కూడా ఇవే: అక్షరం, పదం, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ, ఇంకా పైన చెప్పిన అప్పు తీసివేత. అయిదో తరగతికి వచ్చి కూడా పేరా దగ్గర ఆగిపోయే పిల్లలు నా దగ్గరా ఉన్నారు. వాళ్లకు కావలసింది లక్ష్య నిర్దేశం కాదు, పక్కన కూచుని వేలు పెట్టి చదివించే మనిషి.

ఈ జాతిలో పిల్ల శనివారం సార్లు కూడా ఉంటారు. ఇంటర్నేషనల్ స్కూలు కుర్రాళ్లు. ఐబీ డిప్లొమా చదివేవాళ్లకు సేవ కూడా చదువులో భాగమే. వాళ్లకంటే ముందు వాళ్ల అమ్మ కారు దిగి, సర్టిఫికెట్ మీద బడి ముద్ర ఎక్కడ వేస్తారో కనుక్కుంటుంది.

మరి పనికొచ్చేవాళ్లు ఎవరూ రారా? ఒకావిడ వచ్చేది. టీషర్టు లేదు, యాప్ లేదు. మంగళవారం, గురువారం బడి వదిలాక వరండాలో చాప వేసుకుని ఇద్దరు మగపిల్లల్ని కూచోబెట్టుకునేది. ఆ ఇద్దరే, మార్చేది కాదు. ప్రతిసారీ అదే కథల పుస్తకం, అదే వేలు. మూడో నెలకి ఒకడికి ఒత్తులు పట్టుబడ్డాయి. పట్టుబడటమేమిటి, కనిపించిందల్లా చదవడం మొదలుపెట్టాడు: షాపుల బోర్డులు, బస్సుల మీది ఊళ్లు, నా హాజరు పట్టీ.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక శనివారం బృందం దిగింది. వాళ్ల గుండెలమీద తెలుగులో ఏదో నినాదం. కంప్యూటర్‌లో ఫాంటు తేడా వచ్చి 'భవిష్యత్తు'లో ఒత్తులన్నీ ఊడి పక్కన పడ్డాయి. అచ్చయిన టీషర్టులన్నీ అలాగే ఉన్నాయి, వేసుకొచ్చిన వాళ్లెవరూ చూసుకోలేదు. మావాడు ముందుకెళ్లి, ఆ అక్షరాల మీద వేలు పెట్టి కూడబలుక్కున్నాడు. మళ్లీ మొదటినుంచి చదివాడు. తలెత్తి, "సార్, మీ అంగి తప్పున్నది" అన్నాడు. బృంద నాయకుడు వాణ్ని మెచ్చుకుని ఒక ఫొటో తీశాడు. మిగిలిన టీషర్టు ఒకటి బహుమతిగా కూడా ఇచ్చాడు.

కాబట్టి రావాలనుకునే అన్నలకూ అక్కలకూ నా మనవి ఒకటే. మంగళవారం రండి, శనివారం మాకు రద్దీ ఎక్కువ. బడి వదిలే వేళకి వస్తే చాలు, గంట చాలు. ఇద్దరు పిల్లల్ని అప్పగిస్తాను, ఏప్రిల్ దాకా వాళ్లనే చూసుకోవాలి. చాప నేనిస్తాను. రంగు డబ్బాలు మాత్రం తేకండి, గోడ మీద చోటు లేదు.