ఆడవాళ్ళ చేతికి తాపీ అందకుండా చూసుకునే ఉపాయాలు

కాంట్రాక్టరు బాబులకు! తెనాలిలో అపార్టుమెంటు లేపుతున్నా, బాపట్లలో రిసార్టు కడుతున్నా, మొదటి సలహా ఒకటే. ఆడకూలీని తట్ట దగ్గరే ఉంచండి. పదిహేనేళ్ళు మాలు అందించిన మనిషికి ఒకటికి ఆరు పాళ్ళు కంటికే తెలిసిపోతాయి. "నీళ్ళెక్కువైనయ్ మేస్త్రీ, మాలు జారతంది" అని ముందు చెప్పేది ఆవిడే. మెచ్చుకోండి, కూలి మాత్రం పెంచకండి. నిన్న గాక మొన్న వచ్చిన కుర్రాడికి తాపీ ఇచ్చి వడంబం పట్టడం నేర్పండి. నాకూ నేర్పమని అడిగితే, "పరంజా ఎక్కాలమ్మా, నీకెందుకా శ్రమ" అనండి. అప్పుడామె నెత్తిన ఇటికలతో రెండో అంతస్తు మెట్లెక్కుతూ ఉంటే, కాస్త అటు తిరిగి అనండి.

1976లోనే సమాన వేతనాల చట్టం వచ్చింది గదా అని ఎవరైనా గుర్తు చేస్తారు. "పని వేరు, కూలి వేరు" అనొచ్చు. తాపీ ఇవ్వొద్దని మొత్తుకుంటున్నది ఇందుకే.

స్లాబు పోశాక క్యూరింగు ఆమెకే అప్పజెప్పండి. గట్లు వేసి, చిన్నచిన్న మళ్ళు కట్టి, కనీసం వారం రోజులు తడారకుండా నీళ్ళు నిలపాలి. ఊడ్పుల చేతులు, మడి కట్టడం ఒకరు నేర్పాలా! స్లాబు బాగుంటే పేరు మేస్త్రిది. నెర్రె కనబడితే నీళ్ళు పట్టింది ఎవరో అడగండి.

ఇక బాపట్ల ఇంజినీరింగ్ కాలేజీలో సివిల్ చదివొచ్చిన అమ్మాయి. ఏసీ గదిలో కూర్చోబెట్టి ఎస్టిమేట్లు వేయించండి. అయిదేళ్ళయ్యాక "సైటు అనుభవం లేదు" అని ప్రమోషన్ ఆపొచ్చు. సైటుకు వచ్చి తీరతానంటే రానివ్వండి, మరుగుదొడ్డి మాత్రం కట్టించకండి.

ఆ పిల్ల మాధవీలత పేరెత్తుతుంది, సిద్ధంగా ఉండండి. ప్రకాశం జిల్లా ఆవిడ, కాకినాడలో సివిల్ చదివి బెంగళూరు ఐఐఎస్‌సీలో ప్రొఫెసరయ్యారు. చీనాబ్ రైలు వంతెనకు 17 ఏళ్ళు జియోటెక్నికల్ కన్సల్టెంటు. నదికి 359 మీటర్ల ఎత్తున, పగుళ్ళ కొండల మధ్య నిలిచి, 2025 జూన్ 6న ప్రారంభమైన వంతెన అది. "అది కాశ్మీరమ్మా, ఇది రేపల్లె" అనండి. అయితే ఈ నల్లమట్టి ఎండకు నెర్రెలిచ్చి వానకు ఉబ్బుతుంది గదా, మట్టి పరీక్ష రిపోర్టేదీ అంటుంది. టీలు చెప్పి రమ్మని పంపండి.