హార్వర్డు వారి ఉప్పలగుప్తం బ్రాంచి

హార్వర్డు అమెరికాలో ఉందని ఇంకా నమ్మేవాళ్లుంటే దయచేసి మానుకోండి. 2024 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, హార్వర్డు పాఠాలు ఆన్‌లైన్లో అందించే ఎడెక్స్‌తో ఒప్పందం రాసుకున్ననాడే అది మా కోనసీమలోని ఉప్పలగుప్తం వచ్చేసింది. సిగ్నలు సరిగ్గా అందాలంటే డాబా ఎక్కాలి, అంతే తేడా. రెండు వేలకు పైగా కోర్సులు, పైసా ఖర్చు లేదన్నారు. ఇక మన బీకాం పిల్లలు అమలాపురం బస్సెక్కకుండానే ప్రపంచస్థాయి అకౌంటెంట్లు అయిపోతారని చప్పట్లు కొట్టుకున్నాం.

అయ్యారు కూడా. ఎలా అయ్యారో కాస్త దగ్గరికెళ్లి చూద్దాం. కోర్సు పేరు ఫైనాన్షియల్ అకౌంటింగు పరిచయం. ఫోను మంచినీళ్ల చెంబుకి ఆనించి ఉంటుంది. అందులో దొరగారు రెట్టింపు వేగంతో డెబిట్టూ క్రెడిట్టూ అంటూ గబగబా ఏదో చెప్పుకుపోతుంటాడు. కుర్రాడు పులుసులో అన్నం కలుపుకుంటూ ఉంటాడు. వీడియో చివరిదాకా ఆడితే చాలు, పచ్చ టిక్కు పడుతుంది. ఇక క్విజ్ సంగతి. ప్రతి క్లాసులోనూ ఒక బుద్ధిమంతుడు ఉంటాడు. అతను రాసి, స్క్రీన్‌షాట్లు తీసి వాట్సాప్ గ్రూపులో పడేస్తాడు. మూడో ప్రశ్నకి అతను తప్పు రాస్తే క్లాసంతా అదే తప్పు. అందరికీ ఒకే మార్కులు గనక ఎవరికీ అనుమానం రాదు. అంకణా (ట్రయల్ బ్యాలెన్సు) కుదిరినంత మాత్రాన పద్దుల్లో తప్పు లేనట్టు కాదని అకౌంటింగులో ఓనమాల దగ్గరే చెబుతారు. పాపం, ఆ వీడియో కూడా రెట్టింపు వేగంలోనే వెళ్లిపోయింది.

శ్రద్ధగా చూసినవాడి పాట్లు ఇంకోరకం. ఆఖర్న కొన్న సరుకు ముందు అమ్ముడైనట్టు లెక్కగట్టే లిఫో పద్ధతిని వాడు చెమటోడ్చి నేర్చుకుంటాడు. అమెరికాలో అది చెల్లుతుంది. మన దేశంలో ఏఎస్-2 అనే అకౌంటింగు ప్రమాణం దాన్ని 1999లోనే ఇంటికి పంపేసింది. దొరగారు ఆస్తులు ఎడమవైపు, అప్పులు కుడివైపు వేయిస్తాడు. మన పరీక్ష పేపర్లో అప్పులు ఎడమ, ఆస్తులు కుడి. రెండూ నేర్చినవాడు పరీక్ష హాల్లో ఏ చెయ్యి ఏదో చూసుకుంటూ కూర్చుంటాడు.

సరుకు నిల్వకి ఉదాహరణ అడిగితే కాఫీ కొట్టో, టీషర్టుల దుకాణమో చూపిస్తారు. మా మండలంలో సరుకు నీళ్లలో ఉంటుందండి. మార్చి 31న చెరువులో ఎన్ని వెనామీ రొయ్యలు బతికున్నాయో రైతుకే తెలీదు. వల విసిరి నాలుగు తీసి తూచి, కౌంటు ఇంతుంటుందని అంచనా కట్టుకోవాలి. వైట్ స్పాట్ తెగులు తగిలిందా, అంచనా కూడా అక్కర్లేదు. 2025 ఆగస్టులో ట్రంపు మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి ఎక్కిస్తే నీళ్లలో ఉన్న రొయ్య నీళ్లలోనే ఉంది, గట్టు మీద ధర పడిపోయింది. ముగింపు సరుకు విలువ ఎంత వెయ్యాలి గురువుగారూ? వీడియోని ఆపి అడగొచ్చు. ఆపడం వరకూ కుదురుతుంది.

ఇంతకీ ఈ చదువుల కొట్టు సొంత పద్దులు ఎలా ఉన్నాయి? ఎడెక్స్‌ని హార్వర్డు, ఎంఐటీ కలిసి 2012లో పెట్టి, 2021లో 80 కోట్ల డాలర్లకి టూయూ అనే కంపెనీకి అమ్మేశాయి. మనతో ఒప్పందమైన అయిదో నెలలో, 2024 జులైలో, ఆ టూయూ అప్పుల భారం మోయలేక దివాలా కోర్టు తలుపు తట్టింది. అప్పు చేసి కొన్న ఆస్తి చివరికి ఆస్తి అప్పుల పట్టీలో ఏమవుతుందో నేర్పడానికి ఇంతకన్నా మంచి పాఠం లేదు. ఒప్పందం రాసుకున్నవాళ్లు కూడా చూడదగ్గ పాఠమే.

సర్టిఫికెట్ల మీద మనకున్న మోజు కొత్తది కాదు లెండి. సత్యం కంప్యూటర్స్‌కి 2008లో కార్పొరేట్ పాలనకి గోల్డెన్ పీకాక్ అవార్డిచ్చారు. 2009 జనవరి 7న, పుస్తకాల్లో చూపిన నగదులో 5,040 కోట్లు లేనే లేవని ఆ కంపెనీ ఛైర్మనే ఉత్తరం రాశాడు. బహుమతి మాత్రం నిఖార్సైనదే.

ఇంట్లో సంగతికొద్దాం. పట్టుబడి అయ్యాక మేత డీలరు ఖాతా తెరుస్తాడు. నగదుకి ఒక ధర, అరువుకి ఒక ధర. మేత, మందులు, మధ్యలో చేబదులు, అన్నీ కలిపి ఒక అంకె చెప్పి, ఇక్కడ సంతకం పెట్టండి అంటాడు. రైతు దగ్గర ఇంకో పుస్తకం లేదు. తండ్రి కొడుకు వైపు చూసి, "నువ్వోసారి చూడరా, అమెరికా లెక్కలు చదివావు గదా" అంటాడు. "అది ఫైనాన్షియల్ అకౌంటింగు నాన్నా, ఇది మేత ఖాతా" అంటాడు వాడు. "ఆయ్, బాగా చెప్పారు బాబూ" అని డీలరు మెచ్చుకుంటాడు.

అలాగని ఇక్కడివాళ్లకి లెక్క రాదనుకోకండి. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు విత్తనం, కూలీ, ఎరువు, కోత కూడి, ఎదురుగా క్వింటాలుకి 1,080 రూపాయల మద్దతు ధర వేసి చూసుకున్నారు. నష్టం తేలింది. పంట విరామం అని ప్రకటించి మడి బీడు పెట్టారు. ఆ లెక్క సంగతేమిటో చూడమని ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేయాల్సి వచ్చింది. ఆ రైతులకి ఏ పచ్చ టిక్కూ పడలేదు, ఎవరూ కాలేజీ క్రెడిట్లివ్వలేదు.

ఇవ్వదలిస్తే ఇప్పటికైనా ఇవ్వొచ్చు. పిల్ల గానీ పిల్లవాడు గానీ ఒక్క చెరువు పుస్తకం రాయాలి. సీడు దించిన రోజు నుంచి పట్టుబడి దాకా మేత బస్తాలు, ఏరియేటర్ల కరెంటు బిల్లు, లీజు, వడ్డీ, ఏ రోజు పద్దు ఆ రోజే చిట్టాలో ఎక్కాలి, అక్కణ్ణుంచి ఆవర్జాకి వెళ్లాలి. చివర్న డీలరు ఖాతాతో పక్కపక్కన పెట్టి తేడా ఎక్కడుందో చూపిస్తే నాలుగు క్రెడిట్లు. దీనికి సిగ్నలు కూడా అక్కర్లేదు. డీలర్లు ఒప్పుకోరు, అదొక్కటే చిక్కు.