మా కారూ, మహాజనుల తీర్పూ

కారు కదలకపోతే ఆ సంగతి సొంతదారుకన్నా ముందు వీధికి తెలుస్తుంది. కోలారు బంగారు గనుల పక్కనున్న మా రాబర్ట్‌సన్‌పేటలో అయితే మరీను. నేను తాళం తిప్పాను. లోపలెక్కడో ఒక్క "టక్" మని, కారు మౌనవ్రతం పట్టింది. రెండోసారి తిప్పేలోపే ఎదురింటి అరుగుమీద పెద్దాయన పేపరు మడిచాడు, పాలప్యాకెట్ల కుర్రాడు సైకిలుకు స్టాండు వేశాడు, మేడమీద బట్టలారేస్తున్న ఆమె తడి చీర చేతిలోనే పట్టుకుని నిలబడిపోయింది. ఇంత శ్రద్ధగా వినే సభ ఏ నాయకుడికీ దొరకదు. నాకు మాత్రం పిలవకుండానే దొరికింది.

అఖిలపక్ష సమావేశం మొదలైంది. "బ్యాటరీ పోయిందప్పా" అన్నాడు పెద్దాయన. "సెల్ఫ్ మోటారు తంబీ, సందేహమే లేదు" అన్నాడు పక్కింటి తమిళాయన. "ఫ్యూజు నోడి సార్" అన్నాడు అటుగా పోతున్న కన్నడాయన. ఎలుకలు వైర్లు కొరికేసి ఉంటాయని మేడమీది నుంచి తీర్పు వచ్చింది. గనుల సైనైడ్ దిబ్బల దుమ్ము ఇంజన్లోకి పోయిందని కొందరు, చలి అని కొందరు, శనివారం అని ఒకరు. మా ఊళ్ళో మూడు భాషలు నడుస్తాయి. ఆ మూడింటిలో ఏ ఒక్కదానిలోనూ "నాకు తెలియదు" అన్న మాట ఆ పూట వినబడలేదు. మా ఆవిడైతే "నేను ముందే చెప్పాను" అంది. ఏం చెప్పిందో నాకు గుర్తులేదు, ఆమెకూ గుర్తులేదు. అయినా చెప్పింది.

సరే, రెండో గేరులో పెట్టి తోశారు. స్టార్టయింది! ఇదీ అసలు విషాదం. పూర్తిగా చచ్చిపోయి ఉంటే ఆ రోజే షెడ్డుకు పోయేది. తోస్తే లేచి, ఆపితే పడుకునే కారు మనిషిని బానిసను చేస్తుంది. బేతమంగళం పోయినా, బంగారుపేట పోయినా ఇంజను ఆపకూడదు. పెట్రోలు బంకులో ఆపి తీరాలని బోర్డు. ఆపితే బంకు కుర్రాళ్ళ చేత తోయించుకోవాలి. రైల్వే గేటు పడితే మిగతా బళ్ళన్నీ నిశ్శబ్దంగా ఉంటే మాది ఒక్కటే గుర్రుమంటూ ఉంటుంది. బంగారుపేటలో ఆ నీళ్ళలాంటి తెల్లటి పానీ పోసిచ్చే పూరీల బండి దగ్గర కూడా ఒకరు తింటుంటే ఒకరు కారులో కూర్చుని యాక్సిలరేటరు తొక్కుతూ ఉండాలి. దాంపత్యంలో ఇంతటి త్యాగం పెళ్ళినాటి ప్రమాణాల్లో లేదు. నా వంతు వచ్చేసరికి పూరీలు అయిపోయాయి.

పెద్దాయన మాటే నెగ్గి బ్యాటరీ మార్చాం. కొత్త బ్యాటరీ, కొత్త స్టిక్కరు, వారంటీ కార్డు మీద ఊదారంగు ముద్ర. పాతది ఎక్స్ఛేంజిలో వెళ్ళిపోయింది. సకుటుంబంగా నిలబడి తాళం తిప్పాం.

టక్.

మీరే చెప్పండి, కరెంటు ఈ ఊరికి కొత్తా? కావేరి మీద శివనసముద్రం దగ్గర పుట్టిన కరెంటు దాదాపు 147 కిలోమీటర్లు తీగల మీద నడిచి 1902లోనే మా గనులకు చేరింది. బెంగళూరు వీధి దీపాలకు ఆ యోగం 1905 దాకా పట్టలేదు. మైసూరు దివానుగా శేషాద్రి అయ్యరు పట్టుబట్టి మొదలుపెట్టించిన పని అది. పాపం, అది పూర్తయ్యే లోపే 1901లో ఆయన పోయాడు. ఆ కరెంటుతో రాళ్ళను పిండి చేసే మిల్లులు తిరిగాయి. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతబడ్డాయి గాని, ఆ కీర్తి ఎక్కడికి పోతుంది? కొండలూ గుట్టలూ దాటుకుని కరెంటు నడిచొచ్చిన ఊళ్ళో, నా కారు బానెట్టు కింద బ్యాటరీ నుంచి సెల్ఫ్ మోటారు దాకా ఉన్న బారెడు దూరం నడవలేక అదే కరెంటు చతికిలబడింది. శేషాద్రి అయ్యరు ఉంటే ఏమనుకునేవాడో. ఆయన కూడా బ్యాటరీ మార్చమనేవాడేమో.

వెనకటికి ఈ బాధ లేదు. అంబాసిడర్ డిక్కీలో ఇనుప హ్యాండిల్ ఉండేది. ముందు దూర్చి తిప్పితే ఇంజను లేచేది, లేదా అది వెనక్కి తన్ని మీ మణికట్టు విరిగేది. ఏదో ఒకటి తేలిపోయేది. చార్లెస్ కెటరింగ్ అనే అమెరికా ఆయన తయారుచేసిన ఎలక్ట్రిక్ స్టార్టరు 1912లో కాడిలాక్ కారులోకి ఎక్కింది, మెల్లగా హ్యాండిల్ పోయింది. మన చేతికి విశ్రాంతి ఇచ్చిన ఆ మహానుభావుడు మన వీధివాళ్ళకు చేతినిండా పని కల్పించాడు.

చివరికి ఆండర్సన్‌పేట నుంచి ఒక ఆటో ఎలక్ట్రీషియను వచ్చాడు. మాట తక్కువ మనిషి, అందుకే వీధికి నచ్చలేదు. బానెట్టు ఎత్తి కొత్త బ్యాటరీ వైపు చూసి, "దీన్ని మార్చమనింది ఎవురు సార్?" అన్నాడు. ఎదురింటి అరుగు మీద పేపరు మళ్ళీ తెరుచుకుంది.

హెడ్‌లైట్లు వేయించి, నన్ను తాళం తిప్పమన్నాడు. టక్ మంది గాని లైట్లు ఇసుమంతైనా మసకబారలేదు. "బ్యాటరీ నీరసంగా ఉంటే సెల్ఫ్ కొట్టగానే లైట్లు పడిపోవాల సార్, ఇవి పడలేదు" అన్నాడు. బ్యాటరీ మీద మీటరు పెట్టాడు, 12.6. ఇంజను ఆపి ఉంచినప్పుడు నిండు బ్యాటరీకి ఉండాల్సింది అదే. 12.2 అంటే సగం ఖాళీ, 12 కింద అంటే ఇంకేం మిగలనట్టే. మరి తప్పు ఎక్కడ? ఆయన మీటరు నల్ల సూదిని బ్యాటరీ నెగటివ్ మీద, ఎర్ర సూదిని ఇంజను ఇనుము మీద పెట్టి మళ్ళీ తిప్పమన్నాడు. రెండూ ఒకటే అయినట్టు ఉండాలి, పాయింటు రెండు వోల్టులు దాటకూడదు. అంకె సర్రున లేచి కొన్ని వోల్టుల దగ్గర ఆగింది. సెల్ఫ్‌కు వందల ఆంపియర్లు కావాలి. ఆ కరెంటు మళ్ళీ బ్యాటరీకి తిరిగి పోవాలి కదా, ఆ తిరుగు దారే మూసుకుపోయింది.

వంగి, గేర్‌బాక్సు పక్కన చెయ్యి పెట్టి, ఆ తిరుగు దారైన ఎర్తు తీగను బయటికి లాగాడు. జడలా అల్లిన రాగి పట్టీ. దాని కొసన, బోల్టు కింద, ఆకుపచ్చా తెలుపూ కలిసిన పొడి పేరుకుని ఉంది. గోటితో గీకితే ఊడింది, కింద రాగి నల్లగా మాడి ఉంది. జంపరు కేబులు ఒక కొస నెగటివ్‌కు, ఇంకో కొస ఇంజను ఇనుముకు తగిలించి "ఇప్పుడు తిప్పండి" అన్నాడు. ఒక్క చిటికెలో లేచింది. నెగటివ్ ముందు విప్పి, గీకి, ఉప్పుకాగితం రుద్ది, బోల్టు బిగించి, మళ్ళీ నెగటివ్ తగిలించి, చెప్పిన కూలి చూస్తే కొత్త బ్యాటరీ రసీదు సిగ్గుపడాలి. సిగ్గుపడలేదు, వారంటీ కవర్లో క్షేమంగా ఉంది.

వెంటనే మహాజనులు తీర్పులు సవరించుకున్నారు. "నేను అప్పుడే ఎర్తు అనుకున్నా" అన్నాడు తమిళాయన. ఫ్యూజు పెద్దమనిషి, ఎర్తు కూడా ఒక రకం ఫ్యూజేనని సెలవిచ్చాడు. ఎలుకల మేడావిడ ఎర్తు పట్టీని ఎలుకే కొరికిందని ఇప్పటికీ పట్టు వదలదు. పెద్దాయన మాత్రం పేపరు దించలేదు. అదే పేజీని అంతసేపు ఎందుకు చదివాడో.

కారు ఇప్పుడు అరక్షణంలో లేస్తుంది. గడియారం మాత్రం పన్నెండు గంటల నుంచి లెక్క మొదలుపెట్టింది. పాటలు రావు, బ్యాటరీ తీసేసరికి స్టీరియో రహస్య కోడు అడుగుతోంది. ఆ కోడు రాసిన కాగితం భద్రంగానే దాచాం. పాత బ్యాటరీ వారంటీ కార్డులో. పాత బ్యాటరీతోపాటు షాపువాడికి ఇచ్చేశాం.