నాలుగేళ్లకోసారి సంక్రాంతి

ముందుగా మోత్సెపె గారికి నా అభినందనలు. ఆఫ్రికా ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షుడి హోదాలో ఆయన 2025 డిసెంబర్ 20న రబాత్‌లో మైకు ముందు కూర్చున్నారు. తెల్లారితే ఆఫ్రికా కప్పు మొదలవుతుంది. సరిగ్గా ఆ ముహూర్తం చూసుకుని, ఇకమీదట ఈ కప్పు ఇంత తరచుగా అక్కర్లేదని సెలవిచ్చారు. 2027లో కెన్యా, టాంజానియా, ఉగాండాల్లో ఒకటి, 2028లో ఒకటి, ఆ తర్వాత నాలుగేళ్లకోసారి. క్యాలెండర్ నిండిపోయిందట. ఆటగాళ్లు అలిసిపోతున్నారట. ఇదంతా ఆఫ్రికా మేలు కోసమేనట.

పెద్ద క్లబ్బులున్న లండన్ సంబరపడిందంటే అర్థముంది, మాంచెస్టర్ ఊపిరి పీల్చుకుందన్నా అర్థముంది. మా విస్సన్నపేట ఎందుకు సంబరపడిందో మాత్రం నాకు అంతుపట్టలేదు.

మా బస్టాండు దగ్గర టీ కొట్టుకి రోజూ ఒక కుర్రాడు వస్తాడు. ఇంజినీరింగ్ అయిపోయింది, ఉద్యోగం దారిలో ఉంది. వాళ్ల నాన్న మామిడి పూతకి మందు కొట్టించడానికి మనుషులు దొరక్క నూజివీడు రోడ్డంతా తిరుగుతుంటే, వీడు అర్ధరాత్రి దాకా ఇంగ్లండు మ్యాచ్‌లు చూసి పొద్దున పదింటికి ఎర్రకళ్లతో టీకి దిగుతాడు. ఒంటి మీద ఆర్సెనల్ జెర్సీ.

"మొత్తానికి మంచి పని చేశారు బాబాయ్. ఈ ఆఫ్రికా కప్పు పీడ వదిలింది" అన్నాడు.

"నీకేం పీడరా?"

"నా టీమ్ నాశనమైపోయింది. సలా లేడు, ఎంబ్యూమో లేడు. నెల రోజులు ఎవర్ని ఆడించను?"

వీడు ఊళ్లో ఏదన్నా టీమ్ పెట్టాడేమోనని క్షణం సేపు పొంగిపోయాను. హైస్కూలు గ్రౌండు ఈ మధ్య ఖాళీగానే ఉంటోంది, పెడితే మంచిదే. వాడు ఫోన్ తీసి చూపించాడు. పచ్చటి గడ్డి బొమ్మ మీద పదకొండు చొక్కాలు, కింద బెంచీ మీద నాలుగు. ఫాంటసీ ప్రీమియర్ లీగ్. వంద మిలియన్ పౌండ్ల ఉత్తుత్తి డబ్బుతో పదిహేను మందిని కొనుక్కున్నాడు. ఈజిప్టు దేశానికి కెప్టెన్ అయిన సలాని మా వాడు కొనుక్కుని, కిందటి వారం బెంచీ మీద కూర్చోబెట్టాడు. ఆ మనిషి యజమాని అనుమతి లేకుండా దేశం తరఫున ఆడటానికి వెళ్లిపోయాడు. అదీ బాధ.

ఇది వీడొక్కడి బాధ అనుకునేరు. వీళ్లకో వాట్సాప్ గ్రూపుంది. తిరువూరు నుంచి ఇద్దరు, సత్తుపల్లి నుంచి ఒకడు, డాలస్ నుంచి వీడి మేనమామ కొడుకు. డిసెంబర్ మొదటి నుంచీ ఆ గ్రూపులో శోకాలు. ఎవడు పోతున్నాడు, ఎవడు మిగులుతున్నాడు, కామెరూన్ త్వరగా ఓడిపోతే ఎంబ్యూమో ఎన్నో వారానికి తిరిగొస్తాడు. ఒక దేశం త్వరగా ఓడిపోవాలని మొక్కుకుంటున్నారు. ఆ దేశం మ్యాపులో ఎక్కడుందో చూపించమంటే ఐదుగురూ ఐదు చోట్ల వేలు పెడతారు. ఒకడి వేలైతే సముద్రంలో పడింది.

అక్కడికీ ఆ ఫాంటసీ ఆట నడిపేవాళ్లు వీళ్ల కష్టం చూసి కరిగిపోయారు. ఆఫ్రికా కప్పు కోసమని ఒక వారం ఐదు మార్పులు ఉచితంగా ఇచ్చారు. మొరాకోకి విమానం ఎక్కిన అసలు ఆటగాళ్లకు ఏమిచ్చారో తెలుసా? మామూలుగా డిసెంబర్ 8 నుంచి దేశాలకు వదలాల్సిన ఆటగాళ్లను 15 దాకా ఉంచుకోవచ్చని ఫిఫా క్లబ్బులకు వెసులుబాటు ఇచ్చింది. కప్పు 21న మొదలు. అంటే దేశపు జట్టంతా ఒకచోట చేరి సాధన చేసుకోవడానికి ఆరు రోజులు. ఉత్తుత్తి జట్టు సర్దుకోవడానికి ఐదు మార్పులు, అసలు జట్టు సర్దుకోవడానికి ఆరు రోజులు. లెక్క సమంగానే ఉంది, ఏమంటారు?

"సలా ఏడుసార్లు గెలిచిన దేశం కెప్టెన్‌రా. తను మాత్రం 2017లో ఫైనల్లో ఓడాడు, 2022లో మళ్లీ ఫైనల్లో ఓడాడు. ఈ కప్పు కోసం ఎంత తపించిపోతున్నాడో తెలుసా?" అన్నాను.

"అది సరే బాబాయ్, పాయింట్లు రావు కదా" అన్నాడు.

పాయింట్లు రావు. ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఇంగ్లండులో పెద్ద క్లబ్బుల మేనేజర్లు ఏళ్ల తరబడి సూటూ బూటూ వేసుకుని చెప్పేది కూడా ఈ ముక్కే. కాకపోతే వాళ్లకి పోయేది నిజం డబ్బు.

హైదరాబాదులో కంపెనీ మేనేజర్ ఉంటాడు చూడండి. జనవరి పదమూడున పిల్లలు ఊరెళ్తామంటే మొహం మాడ్చుకుంటాడు. "ఇప్పుడే వెళ్లాలా? రిలీజ్ ఉంది" అంటాడు. ఆఫ్రికా కప్పు ఆఫ్రికా పిల్లలకి సంక్రాంతి. పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరినట్టే వాళ్లూ లివర్‌పూల్ నుంచి, పారిస్ నుంచి, మిలాన్ నుంచి బారులు తీరి ఇళ్లకి పోతారు. ఆ మేనేజర్ రేపు లేచి, "మీ ఆరోగ్యం దృష్ట్యా ఇకమీదట సంక్రాంతి నాలుగేళ్లకోసారి" అంటే ఎలా ఉంటుంది? ఆ మాట చెప్పించడానికి మన ఊరి ప్రెసిడెంటునే పట్టుకుంటే? రబాత్‌లో జరిగింది అదే.

తేదీల సంగతి చెప్పుకుంటే నవ్వొస్తుంది. చలికాలంలో పెడితే క్లబ్బులకి ఇబ్బంది అన్నారని 2017లో జూన్, జూలైకి మార్చుకున్నారు. ఆ మాట ప్రకారం జరిగింది 2019లో ఒక్కసారే. 2021 కప్పు 2022లో జరిగింది. 2023 కప్పు 2024లో జరిగింది. 2025 కప్పు 2025లోనే మొదలైందని సంతోషిద్దామంటే ఫైనల్ 2026 జనవరి 18న.

ఇక్కడితో వేళాకోళం ఆపుతాను. ఎందుకంటే ఈ 2025 కప్పు జూన్‌లో ఎందుకు జరగలేదో అడిగినవాడు లేడు. ఆ జూన్‌లో ఫిఫా అమెరికాలో తన కొత్త క్లబ్ వరల్డ్ కప్ పెట్టుకుంది. అంతకుముందు ఏడు జట్లతో చప్పుడు లేకుండా అయిపోయే పోటీని 32 జట్లకు, 63 మ్యాచ్‌లకు పెంచింది. 2026 ప్రపంచ కప్పు 32 జట్ల నుంచి 48కి, 64 మ్యాచ్‌ల నుంచి 104కి ఎగబాకింది. యూరప్ చాంపియన్స్ లీగులో మొదటి దశలో ఒక్కో జట్టుకి ఆరు మ్యాచ్‌లుండేవి, ఇప్పుడు ఎనిమిది. క్యాలెండర్ నింపింది వీళ్లు. నిండిపోయిందని గుండెలు బాదుకుంటున్నదీ వీళ్లే. ఖాళీ చేయాల్సింది మాత్రం ఆఫ్రికా.

ఇంకా వినండి. 2021లో ఇదే ఫిఫా, దాని అధ్యక్షుడు ఇన్‌ఫాంటినో, ప్రపంచ కప్పుని రెండేళ్లకోసారి పెడదామని ఊరూరా తిరిగారు. అప్పుడు ఆటగాళ్ల మోకాళ్లు గుర్తుకు రాలేదు. 2022 జనవరిలో స్ట్రాస్‌బర్గ్‌లో ఆయన ఆ ప్రచారానికి మధ్యధరా సముద్రంలో మునిగి చచ్చిపోతున్న ఆఫ్రికన్లను కూడా వాడుకున్నాడు. వాళ్లకి ఆశ చూపిస్తే సముద్రం మీద పడకుండా ఉంటారన్న ధోరణిలో మాట్లాడి, చివాట్లు తిని, సర్దుకున్నాడు. ఫిఫా కప్పు రెండేళ్లకోసారి వస్తే ఆఫ్రికాకి ఆశ, ఆఫ్రికా కప్పు రెండేళ్లకోసారి వస్తే ఆటగాళ్లకి అలసట! 2020లోనే, అదే రబాత్‌లో, ఆఫ్రికా కప్పు నాలుగేళ్లకోసారి చాలని సలహా ఇచ్చిందీ ఈయనే. అప్పుడు ఆఫ్రికా కుదరదంది. ఆరేళ్లు తిరక్కుండా అదే మాట ఆఫ్రికా నోటితో పలికించాడు.

అలసట మాట నిజమేననుకుందాం. మరి 2029 నుంచి ఏటా ఆఫ్రికా నేషన్స్ లీగ్ పెడతామని అదే పూట, అదే మైకులో ఎలా ప్రకటించారు? నాలుగేళ్లకోసారి కప్పు, ఏడాదికోసారి లీగు. అలసట ఎక్కడ తగ్గింది? తగ్గిందల్లా ఒకటే: యూరప్ లీగులు నడుస్తుండగా ఆటగాడు నెల రోజులు కనపడకుండా పోవడం. నిజం చెప్పడానికి నోరు రాక మోకాళ్ల నొప్పులని చెప్తున్నారు.

ఈ కప్పు నిన్నమొన్న పుట్టిందా? 1957లో ఖార్టూమ్‌లో మొదలైంది. యూరప్ దేశాల కప్పు 1960లో మొదలైంది. ఆఫ్రికా కప్పే మూడేళ్లు పెద్దది. మొదటిసారి ఆడింది మూడే దేశాలు, సూడాన్, ఈజిప్టు, ఇథియోపియా. నాలుగోది దక్షిణాఫ్రికా రావాలి. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ కలిసిన జట్టుని పంపనని మొండికేస్తే, అలాగైతే నువ్వు అక్కర్లేదన్నారు. అప్పటికి ఆఫ్రికాలో సగానికి పైగా దేశాలకి స్వాతంత్ర్యమే లేదు. ఒలింపిక్స్ దక్షిణాఫ్రికాకి తలుపు మూయడానికి మరో ఏడేళ్లు పట్టింది. ఆ సిగ్గూ లజ్జా ఉన్న పోటీని ఇవాళ క్లబ్బుల టికెట్ల లెక్క కోసం పక్కకి జరుపుతున్నారు.

పెద్ద దేశాలకి పోయేదేం లేదు. ఈజిప్టు, నైజీరియా నాలుగేళ్లకైనా వస్తాయి, ఆడతాయి. కొమొరోస్ లాంటి దేశాల సంగతేమిటి? 2022లో మొట్టమొదటిసారి వచ్చి ఘనాని 3-2తో ఇంటికి పంపింది. తర్వాతి మ్యాచ్‌కి గోల్‌కీపర్లంతా కోవిడ్, గాయాలతో మూలపడితే ఎడమవైపు డిఫెండర్ ఆల్‌హదూర్‌కి గ్లవుజులు తొడిగి గోల్‌లో నిలబెట్టారు. ఆతిథ్య దేశం కామెరూన్ మీద, అదీ ఏడో నిమిషంలోనే రెడ్‌కార్డుతో పది మంది మిగిలాక, 2-1 దాకా కొట్లాడి ఓడింది. అలాంటి జట్టులో ఒక తరానికి ఉండేది పదేళ్లు. రెండేళ్లకోసారి అయితే ఐదు అవకాశాలు, నాలుగేళ్లకోసారి అయితే రెండో మూడో.

మారిషస్ సంగతి చూడండి. మనకి పరాయి దేశమేం కాదు. కోరంగి రేవులో ఓడెక్కిన మనవాళ్ల మునిమనవలున్న దేశం, 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిపిన దేశం. ఆఫ్రికా కప్పులో అది ఆడింది ఒకే ఒక్కసారి, 1974లో. యాభై ఏళ్లుగా మళ్లీ అర్హత కోసం తంటాలు పడుతోంది. ఆ మారిషసే 2024 సెప్టెంబర్ 3న మన గచ్చిబౌలికి వచ్చింది, ఇంటర్‌కాంటినెంటల్ కప్పు ఆడటానికి. అప్పటికి దాని ర్యాంకు 179. మనది 124. ఫలితం 0-0. సొంత గడ్డ మీద ఒక్క గోలు కొట్టలేకపోయాం.

ఇదండీ, ఆఫ్రికా కప్పు నాణ్యత మీద తీర్పులిచ్చే దేశం పరిస్థితి. మనం 2027 ఆసియా కప్పుకి అర్హత సాధించలేదు. 2025 నవంబర్‌లో ఢాకా వెళ్లి బంగ్లాదేశ్ చేతిలో ఓడొచ్చాం. మన ఐఎస్ఎల్‌కి వాణిజ్య భాగస్వామి లేక 2025-26 సీజన్ సమయానికి మొదలవలేదు, చివరికి 2026 ఫిబ్రవరి 14న మొదలెడతామని ప్రకటించారు. 2022లో చాంపియన్ అయిన హైదరాబాద్ ఎఫ్‌సీ సామాను సర్దుకుని, పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. 1962లో జకార్తాలో ఏషియన్ గేమ్స్ బంగారు పతకం తెచ్చిన జట్టు కోచ్ రహీం సాబ్ ఊరు హైదరాబాదులో ఇవాళ పెద్ద లీగులో ఆడే జట్టు లేదు. జట్టు పోయిందని ఏడ్చినవాళ్లు నాకు తగల్లేదు. 2025 డిసెంబర్ 13న ఉప్పల్‌లో మెస్సీ వచ్చి చెయ్యి ఊపాడని ఏడ్చినవాళ్లు మాత్రం చాలామంది తగిలారు. తెలంగాణ ముఖ్యమంత్రి గారు జెర్సీ వేసుకుని బంతి తన్నారు. అంతటితో తెలుగునాట ఫుట్‌బాల్ అభివృద్ధి పూర్తయింది.

క్రికెట్ సంగతికి రండి, అసలు మన రంగు అక్కడ బయటపడుతుంది. ఐపీఎల్ కోసం ప్రపంచ క్రికెట్ క్యాలెండర్లో ఏటా రెండు నెలలకు పైగా ఖాళీ పెట్టించింది మనమే. ఆ రోజుల్లో వెస్టిండీస్, న్యూజిలాండ్ తమ మంచి ఆటగాళ్లు లేకుండా మిగిలినవాళ్లతో నెట్టుకొస్తాయి. ఆటగాళ్ల అలసట గురించి బోర్డు పెద్దలు అప్పుడు మాట్లాడగా విన్నారా? అందుకే కాబోలు యూరప్ క్లబ్బుల బాధ విస్సన్నపేటలో ఇంత బాగా అర్థమవుతోంది. డబ్బున్నవాడి లీగు ఆటగాడి ఊరి కన్నా గొప్పదని మనం ఎప్పుడో ఒప్పేసుకున్నాం.

మోత్సెపె గారు గనుల వ్యాపారి. నేల తవ్వి, ఉన్నది బయటికి పంపే పని ఆయనకి కొత్తేం కాదు. మా ఆర్సెనల్ కుర్రాడికి చెప్పేదొకటే: నాయనా, మీ ఆర్సెనల్ ఆటగాడు బుకాయో సాకాది నైజీరియా నుంచి వలసొచ్చిన కుటుంబం, నీ జెర్సీ వీపున ఉన్నది వాళ్ల ఇంటిపేరే. ఆ పేరు మీద నీకొచ్చే పాయింట్లు కావాలి, ఆ ఊళ్ల పండగ మాత్రం పీడ. రేపు ఉద్యోగం వచ్చాక నా దగ్గరికొచ్చి సంక్రాంతికి మూడు రోజుల సెలవు చాలదని ఏడిస్తే మాత్రం, నీ టీ డబ్బులు నువ్వే ఇచ్చుకో.