డాక్టర్ బాబుని తిట్టని సాయంత్రం

'కార్తీకదీపం' సీరియల్ అయిపోతోందని తెలిసినప్పుడు మా అత్తయ్యగారు అన్న మొదటి మాట, "హమ్మయ్య, పీడా వదిలింది." రెండో మాట రావడానికి కాస్త సమయం పట్టింది. కళ్ళజోడు తుడుచుకుని, మజ్జిగలో ఉప్పు పడిందో లేదో చూసి, ఎవరితోనూ కాదన్నట్టుగా, "అయినా అంత అర్జంటుగా ఆపేయాల్సిన అవసరం ఏమొచ్చిందిట?" అన్నారు.

అర్జంటు అంటే ఏమిటో చెప్పాలి. 2017 అక్టోబరు 16న స్టార్ మాలో మొదలై 2023 జనవరి 23 దాకా 1569 భాగాలు నడిచింది. ప్రకటనలు తీసేసి ఒక్కో భాగం 22 నిమిషాలు వేసుకున్నా, నిద్రాహారాలు మాని ఏకబిగిన చూస్తే 24 రోజులు పడుతుంది. బి.ఆర్. చోప్రా కురుక్షేత్రంతో సహా మహాభారతాన్ని 94 భాగాల్లో తేల్చేశారని మా ఆయన ఓసారి లెక్క చెప్పబోయారు. "వాళ్ళకి పక్కన కృష్ణుడున్నాడురా. దీపకెవరున్నారు?" అని అత్తయ్యగారు కొడుకు నోరు మూయించారు.

సీరియల్ చూడనివాళ్ళ కోసం కథ చెబుతాను. చూడలేదని చెప్పుకునేవాళ్ళు ఈ పేరా వదిలేయొచ్చు, వాళ్ళకి కథ తెలుసు. దీప నల్లగా ఉంటుంది. గుండె డాక్టరు కార్తీక్, అంటే మన డాక్టర్ బాబు, ఇష్టపడి పెళ్ళి చేసుకున్నాడు. అత్తగారు సౌందర్యకి కోడలి రంగు కిట్టదు. కార్తీక్ మీద కన్నేసిన మోనిత, ఆవిడా డాక్టరే, నీకు పిల్లలు పుట్టే యోగం లేదని అతన్ని నమ్మించింది. ఆ తర్వాత దీప నెల తప్పింది. ఇంకేముంది, నిండు మనిషి గడప దాటింది. కవలలు పుట్టారు. శౌర్య తల్లి దగ్గర, హిమ తండ్రి దగ్గర పెరిగారు. హిమ తన కూతురేనని ఆ తండ్రికి తెలియదు. దీప వంటలు చేసి పిల్లని పెంచి, ఊరందరికీ వంటలక్క అయింది. డాక్టర్ బాబు అనుమానం మాత్రం చెక్కుచెదరలేదు. ఒక్క డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే తీరిపోయే అనుమానం. అందుకోసం ఆయన ఆస్పత్రికి వెళ్ళక్కర్లేదు కూడా, ఉండేదే ఆస్పత్రిలో.

బడి చదువు సగంలో ఆపేసిన మా అత్తయ్యగారికి డీఎన్‌ఏ గురించి తెలిసినంత ఇంటర్ బైపీసీ చదువుతున్న మా వాడికి తెలియదు. "ఒక్క వెంట్రుక చాలుటగా? పిల్లకి జడ వేసేటప్పుడు దువ్వెనలో ఎన్ని రావు!" అని ఏడున్నర నుంచి ఎనిమిది దాకా రోజూ టీవీకి సలహా ఇచ్చేవారు. టీవీ వినేది కాదు.

సినిమా అభిమానం సంగతి అందరికీ తెలిసిందే. కటౌట్లు, పాలాభిషేకాలు, తొలి రోజు తొలి ఆట. సీరియల్ అభిమానం దానికి పూర్తిగా తలకిందులు. ఇక్కడ పూజలుండవు, శాపనార్థాలుంటాయి. ఎంత ఇష్టమైతే అంత తిడతారు. "వీడికి బుర్రలేదు, దీనికి సిగ్గులేదు, ఆ రాసేవాడికి పనిలేదు" అంటూనే, కరెంటు పోతే మాత్రం కరెంటాఫీసుకి ఫోన్ చేయిస్తారు. జీడిపాకం అని విసుక్కున్నవాళ్ళే పాకం అయిపోయిందంటే గిన్నె గోకుతారు.

దీనివల్ల మా ఇంటికి జరిగిన మేలు ఇంతా అంతా కాదు. అత్తయ్యగారు నన్ను అనాలనుకున్నవన్నీ మోనితని అనేవారు. "చదువుకున్నానని పొగరు, ఎదురు సమాధానాలు" అని ఆవిడ అంటుంటే నేను బఠాణీలు వలుస్తూ "అవునండీ" అనేదాన్ని. నేను అత్తయ్యగారిని అనాలనుకున్నవి సౌందర్యని అనేదాన్ని. "కోడలంటే అంత చులకనేమిటండీ?" అని నేను టీవీ వంక చూసి గట్టిగా అడిగితే, "అలా అడుగు!" అని అత్తయ్యగారే వంత పాడేవారు. ఏ మాటా తగలవలసినవాళ్ళకి తగిలేది కాదు. అయినా ఇద్దరి కడుపులోనూ బరువు దిగేది. కౌన్సెలింగుకి వెళితే గంటకింత అని తీసుకుంటారుట. మాకు కేబుల్ బిల్లులోనే వచ్చేసింది. నాకొచ్చిన చిక్కల్లా, కొన్నాళ్ళకి సౌందర్య మనసు మారి కోడలి పక్షాన చేరిపోవడం. తిట్టుకోవడానికి ఒక అత్తగారు లేకుండా పోయి నేను చాలా ఇబ్బంది పడ్డాను.

ఎదురింటి పిన్నిగారిది మాత్రం కార్తీక్ పార్టీ. "మగాడు, చెప్పుడు మాటలు విన్నాడు. అతని తప్పేముంది వదినా?" అన్న ఒక్క మాట మీద ఆవిడకీ మా అత్తయ్యగారికీ ఓ దసరా దాకా మాటల్లేవు. బొమ్మల కొలువు పేరంటానికి పిలవడానికి నన్ను రాయబారం పంపారు. "దీప తప్పు లేదని ఒప్పుకుంటే రమ్మను" అన్నది షరతు. ఆవిడ శనగలకి ఒప్పుకున్నారు, దీప విషయం ఒప్పుకోలేదు.

2020లో లాక్‌డౌన్ వచ్చి షూటింగులు ఆగిపోయాయి. ఏ భాగం దగ్గర ఆపినా దీప ఏడుస్తూనే ఉంటుంది గనక, "పాపం ఆ పిల్ల అప్పట్నించీ ఏడుస్తూనే ఉండి ఉంటుందే" అని అత్తయ్యగారు బెంగపెట్టుకున్నారు. జూన్‌లో షూటింగులు మళ్ళీ మొదలయ్యాయి, ఊపిరి పీల్చుకున్నాం. అంతలో సెప్టెంబరు 19న దుబాయి, అబుదాబి వైపు ఐపీఎల్ మొదలైంది. సాయంత్రం మ్యాచులు మన టైము సరిగ్గా ఏడున్నరకి. మా ఆయన రిమోట్ అడిగారు. అత్తయ్యగారు రిమోట్ ఇవ్వలేదు, ఉపన్యాసం ఇచ్చారు. ఆ క్రికెట్టు వాళ్ళు ఎంత కొట్టినా రేపు మళ్ళీ ఆడతారనీ, ఇక్కడ ఇద్దరు ఆడపిల్లల భవిష్యత్తనీ. ఆయన ఫోన్‌లో చూసుకున్నారు.

వంటలక్క వేసిన ప్రేమి విశ్వనాథ్‌ది కేరళ. మాతృకైన మలయాళం సీరియల్ 'కరుత్తముత్తు'లో కూడా ఇదే పాత్ర వేసింది. ఈ సంగతి నేనే చెప్పాను. అత్తయ్యగారు చాలాసేపు మాట్లాడలేదు. "రెండు భాషల్లో ఏడ్చిందన్నమాట!" అన్నారు చివరికి. తర్వాత ఏదో అవార్డుల కార్యక్రమంలో ఆ అమ్మాయిని మేకప్పు లేని రంగులో చూసి మరీ ఖంగుతిన్నారు. "శుభ్రంగా ఉందిగదే! మరి సౌందర్యకి వచ్చిన నష్టమేంటి?" అని అడిగారు. నల్లపిల్ల కష్టాల మీద అయిదేళ్ళకి పైగా నడిచిన కథలో నల్లపిల్ల వేషానికి తెల్లపిల్లకి మసి పూశారన్నది నాకు మొదట్నించీ కొరుకుడుపడని విషయం. అత్తయ్యగారు వాడిన 'శుభ్రంగా' అన్న మాట కూడా అంతే. కానీ అప్పుడు వాదన పెట్టుకుంటే ఆ పూట భాగం పోతుంది. ఊరుకున్నాను.

ఇంతకీ మేము ఈ సీరియల్‌కి వీడ్కోలు చెప్పింది ఒక్కసారి కాదు. 2022 మార్చిలోనే డాక్టర్ బాబునీ వంటలక్కనీ కారు ప్రమాదంలో చంపేశారు. డల్లాస్‌లో ఉన్న మా ఆడపడుచు టీవీ కంటే ముందే యాప్‌లో చూసేసి ఫోన్ చేసి చెప్పింది. సొంత కూతురితో అత్తయ్యగారు అంత కఠినంగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. సాయంత్రం పిన్నిగారు పరామర్శకి వచ్చారు. గుమ్మంలోనే చెప్పులు విడిచి, మెల్లిగా వచ్చి, అత్తయ్యగారి పక్కన కూర్చున్నారు.

"ఎలా జరిగింది వదినా?"

"కారు లోయలో పడింది."

"శవాలు దొరికాయా?"

"చూపించలేదు."

పిన్నిగారు నిటారుగా కూర్చున్నారు. "చూపించలేదా? అయితే ఉన్నారు. కాఫీ పెట్టించండి."

వైద్యశాస్త్రానికీ న్యాయశాస్త్రానికీ అందని ఈ సూత్రం మీద నాకు అప్పట్నించీ అపారమైన గౌరవం. ఎందుకంటే కథని ముందుకి జరిపి, పెద్దవాళ్ళైన హిమ, శౌర్యలతో కొన్ని నెలలు నడిపారు, జనానికి ఎక్కలేదు. రేటింగుల్లో ఏళ్ళ తరబడి మొదటి పీట మీద కూర్చున్న సీరియల్ కిందికి దిగింది. ఆగస్టుకల్లా దీప బతికొచ్చింది. డాక్టర్ బాబూ బతికొచ్చాడు, కాకపోతే జ్ఞాపకశక్తి లేకుండా, మోనిత ఇంట్లో. యముడు సావిత్రికి ఒక్కణ్ణే ఇచ్చాడు, టీఆర్పీ ఇద్దర్నీ ఇచ్చింది. గతం మర్చిపోయిన కార్తీక్‌ని చూసి పిన్నిగారు, "ఇప్పుడైనా అతని తప్పు లేదంటారా అనరా?" అని నిలదీశారు. అత్తయ్యగారి దగ్గర సమాధానం లేకపోయింది. కథ మొత్తంలో పిన్నిగారు గెలిచిన రోజు అదొక్కటే.

అందుకే 2023 జనవరి 23, సోమవారం, ఆఖరి భాగం పడ్డప్పుడు మా ఇంట్లో ఎవరూ కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు, ఎవరూ నమ్మలేదు. అత్తయ్యగారు ఇలాంటివి చాలా చూశారు. దూరదర్శన్‌లో 'ఋతురాగాలు' చూశారు. జెమినీలో 'చక్రవాకం', 'మొగలిరేకులు' చూశారు. ఆర్.కె. నాయుడు పోలీసు యూనిఫాంలో వస్తుంటే గౌరవంగా చీర కొంగు సర్దుకునేవారు. ఈటీవీ 'అభిషేకం' 2008లో మొదలై 2022లో నాలుగు వేల భాగాలతో ముగిసినప్పుడు, "మంచి నిండు జీవితం, పండిపోయింది" అన్నారు తప్ప బాధపడలేదు. కార్తీకదీపం సంగతి వేరు. దీన్ని తిట్టడం ఇంకా పూర్తి కాలేదు.

మర్నాడు, అంటే మంగళవారం, అదే ఛానల్లో అదే ఏడున్నరకి 'బ్రహ్మముడి' మొదలైంది. పోయినవాళ్ళ పక్క చల్లారకముందే! అత్తయ్యగారు టీవీ కట్టేశారు. "మైల పదిరోజులు. తర్వాత చూద్దాం" అన్నారు, నిజంగానే అన్నారు. అప్పుడు తెలిసింది నాకు, డాక్టర్ బాబు ఇన్నేళ్ళూ మా ఇంటికి చేసిన సేవ ఎంతటిదో. ఏడున్నర అయ్యేసరికి ఆవిడ నోట్లో మాటలు సిద్ధంగా ఉండేవి, పడేయడానికి మనిషి లేడు. మొదటి సాయంత్రం నా చారుకి రుచి లేదన్నారు. తర్వాత మా ఆయనకి భార్య మాట తప్ప చెవికెక్కదన్నారు. మనవడి జుట్టు, పనిమనిషి తుడిచిన గచ్చు, కింద వాటా వాళ్ళ మోటారు, ఒక్కొక్కరం వరసగా డాక్టర్ బాబులమైపోయాం. నేను కూడా ఊరుకోలేదు. సౌందర్యని అనవలసినవి సౌందర్య లేకపోయేసరికి నేరుగా అనేశాను, రెండు. ఇంట్లో నిజమైన సీరియల్ మొదలైంది, ప్రకటనల విరామం కూడా లేకుండా.

మా ఆయన భయపడ్డారు. మైల తీరకుండానే ఒకరోజు టీవీలో 'బ్రహ్మముడి' పెట్టి, సౌండు పెంచి, "ఈ రాజ్ అనేవాడికి బొత్తిగా మర్యాద లేదే! కావ్య అంత మంచి పిల్లయితే..." అని గట్టిగా అన్నారు. జన్మలో సీరియల్ గురించి పూర్తి వాక్యం మాట్లాడని మనిషి. లోపల మంచం కిర్రుమంది.

"ఏం చేశాడు వాడు?"

"నువ్వే వచ్చి చూడమ్మా."

వచ్చారు. రెండు నిమిషాలు నిలబడి చూశారు, తర్వాత కూర్చున్నారు. "బొమ్మలకి రంగులేసే పిల్లంటే అంత అలుసా వెధవకి!" అన్నారు. నా చారుకి ఆ రాత్రి రుచి వచ్చింది.

ఏడాది గడిచింది. 2024 మార్చి 25 నుంచి 'కార్తీకదీపం ఇది నవ వసంతం' అని ప్రకటన వచ్చింది. దీపగా అదే ప్రేమి విశ్వనాథ్, కార్తీక్‌గా అదే నిరుపమ్ పరిటాల. పేర్లవే, శౌర్య పేరు కూడా అదే, కథ మాత్రం వేరుట. ఇదెలా కుదురుతుందని నేను అడిగితే, "పునర్జన్మంటే ఏమిటనుకున్నావు మరి?" అన్నారు అత్తయ్యగారు. డల్లాస్‌కి ఫోన్ చేసి, ముందే చూసి చెబితే ఆస్తిలో వాటా ఉండదని కూతురికి ఖరాఖండిగా చెప్పేశారు.

మా ఆయన మాత్రం క్యాలెండరు చూసి తల పట్టుకున్నారు. ఐపీఎల్ మార్చి 22న మొదలు. ఈసారి ముందుచూపుతో పడగ్గదిలోకి రెండో టీవీ కొనుక్కొచ్చారు, గోడకి తగిలించారు, కనెక్షన్ పెట్టించారు. మూడు రోజులు రాజాలా మ్యాచులు చూశారు. నాలుగో రోజు సాయంత్రం ఎదురింటి పిన్నిగారు వచ్చారు. వాళ్ళింట్లో ముగ్గురు మగాళ్ళూ క్రికెట్టుకి టీవీ లాక్కున్నారుట. హాల్లో అత్తయ్యగారి పక్కన కూర్చుంటే పది నిమిషాల్లోనే ఇద్దరికీ కార్తీక్ మీద తేడా వచ్చింది. ఇంకో దసరా దాకా మాటలు పోయేలా ఉంటే, నేనే పిన్నిగారిని లోపలికి తీసుకెళ్ళి రెండో టీవీ ముందు కూర్చోబెట్టాను.

ఇప్పుడు మా ఇంట్లో రెండు టీవీల్లోనూ దీపే. హాల్లోంచి అత్తయ్యగారు కార్తీక్‌ని తిడితే, పడగ్గదిలోంచి పిన్నిగారు జవాబు చెబుతారు. మా ఆయన మేడ మీద వాటర్ ట్యాంకు పక్కన కూర్చుని ఫోన్‌లో మ్యాచు చూసుకుంటున్నారు. అక్కడ సిగ్నలు బాగుంటుందిట.