మండువా స్తంభాన్ని

పుట్టింది బర్మా అడవిలో. చెట్టుగా ఉండగానే మొదలు చుట్టూ గాటు పెట్టి, నిలువునా ఎండనిచ్చి, ఆ తర్వాత నరికారు. పచ్చి టేకు నీళ్లలో మునిగిపోతుంది, ఎండితేనే నది మీద తేలుతుంది. రంగూన్ నుంచి ఓడలో కాకినాడ రేవుకూ, అక్కణ్ణుంచి కాలువ పడవలో రామచంద్రపురం దగ్గరి పల్లెకూ చేరాను. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఆ నేలకు కాలువ నీళ్లు పారాయి, వరి విరగపండింది. ఆ ధాన్యం డబ్బుతో లేచినవే మా వైపు మండువా లోగిళ్లు.

నన్ను నేలలో పాతలేదు. చెదకూ తడికీ అందకుండా రాతి దిమ్మె మీద నిలబెట్టారు. నెత్తిన దూలం, ఆపైన వాసాలు, పెంకులు. నాలుగు వైపుల కప్పూ లోపలికే వాలి ఉండేది. వాన ఇంటి నడిమధ్యన కప్పు లేని ఖాళీలో పడి, తూములోంచి పెరట్లోకి పోయేది. వేసవిలో ఇంటి వేడంతా ఆ ఖాళీలోంచే పైకి పోయేది.

నడుమెత్తున నా ఒంటి మీద ఒక గాడి ఉండేది. కవ్వం తాడు ఒరిసి ఒరిసి పడిన గాడి. ఆ ఇంటికొచ్చిన ప్రతి కోడలూ తెల్లవారుజామున నా దగ్గర నిలబడి మజ్జిగ చిలికింది. టేకును తాడు కోసిందంటే ఎన్ని చేతులు లాగి ఉండాలి! ఆ ఇంట్లో ఎక్కువ కష్టపడిందీ వాళ్లే. అర్ధరాత్రి అవసరమైతే లాంతరు పట్టుకుని పెరటి చివరికి పోవాలి. గదిలోనే బాత్రూం కావాలని చిన్నకోడలు అడిగితే అందులో తప్పేముంది?

ఇల్లు పోయింది ఆమె వల్ల కాదు, వీధి వల్ల. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాన్ని తవ్వకుండా దాని మీదే సిమెంటు పోశారు. ముందు అరుగు మెట్లు మునిగాయి. తర్వాత అరుగు రోడ్డుకు సమమైంది. చివరికి వీధి నీళ్లు గడప దాటి లోపలికొచ్చాయి. పెంకులు సర్దే మనుషులు దొరకడం మానేశారు. ఎదురిల్లు మూడంతస్తులయ్యింది, పక్కిల్లు ప్రహరీ కట్టి గేటు పెట్టింది. కూరల గంప దించుకుని కాసేపు కూర్చోవడానికి ఆ వీధిలో ఇప్పుడు ఒక్క అరుగూ లేదు. ఇది నాకు అన్నిటికన్నా బాధ.

అన్నదమ్ములు వాటాలు తేల్చుకున్నాక పాత కలప వ్యాపారి వచ్చాడు. హైదరాబాదులో ఒక విల్లా హాల్లో తేలాను. వడ్రంగి గాడిలో లప్పం నింపి పాలిష్ పట్టాడు. నా మీద దూలం లేదు. స్లాబు బరువంతా కాంక్రీటు పిల్లర్ల మీదే. అద్దాల గోడ మీద పడమటెండ పడుతుంది, మధ్యాహ్నం వేసిన ఏసీ రాత్రి దాకా ఆగదు.

నన్ను ఇష్టపడి కొన్నవాళ్లు ప్లాను గీయించేటప్పుడే నడిమధ్య కాస్త చోటు ఆకాశానికి వదలమని ఇంజనీరును అడిగి ఉండాల్సింది. స్లాబు ఇంట్లోనైనా గాలి ఆ దారినే పైకి పోతుంది. గదికో బాత్రూం ఉన్నా దానికి అడ్డు కాదు. ఇంకెవరైనా అలా కట్టుకుంటే నా మీద దూలం ఎత్తమనండి. ఇప్పటికీ మోయగలను.